పేకకట్టతో పాటు ఓ పుస్తకం

వదినగారూ, మీ చిన్నవాడు డాబా మీద కూర్చుని సాయంత్రమంతా పేకముక్కలు కలుపుతున్నాడని బెంగపెట్టుకోకండి. గోడకి ఇవతల నుంచి నేనూ చూస్తూనే ఉన్నాను. వాడు ఆడేది రమ్మీ కాదు, మూడు ముక్కలాట అంతకన్నా కాదు. ఫోను ఎదురుగా నిలబెట్టి, అందులో ఎవరో కుర్రాడు చేసే పేక మ్యాజిక్కు చూసి నేర్చుకోవాలని తంటాలు పడుతున్నాడు. వీడియో వెనక్కి జరుపుతాడు, చూస్తాడు, చేస్తాడు, ముక్కలు జారి కింద పడతాయి, ఏరుకుంటాడు, మళ్ళీ మొదలు. వాడి ఓపిక చూస్తే నాకు ముచ్చటేస్తోంది. ఆ ఓపికకి తగిన పుస్తకం ఒకటి వాడి చేతిలో పెట్టాలి. అది చెబుదామనే మిమ్మల్ని పిలిచాను.

మ్యాజిక్కి పుస్తకాలేమిటంటారా? అయ్యో, ఎన్ని లేవని! మా అల్మారాలో పై అర మొత్తం అవే. మావారికి బదిలీ అయినప్పుడల్లా సామాన్ల లారీ ఎక్కి దిగిన పుస్తకాలు. అట్టలు ఊడినా, పేజీల మీద మరకలు పడినా ఒక్కదాన్నీ వదులుకోలేదు.

వీడియోలో కనిపించేది ఒకరి చేతులు, అదీ వాళ్ళు చూపించదలచుకున్న వైపు నుంచి మాత్రమే. వాళ్ళ వేగం, వాళ్ళ మాటలు, వాళ్ళ నవ్వు అన్నీ కలిపి పిల్లవాడికి అంటుకుంటాయి. పదిమంది పిల్లలు ఒకే వీడియో చూస్తే పదిమందీ ఒకేలా చేస్తారు. పుస్తకంలో అలా కాదు. ఎడమ బొటనవేలి కొస ఇక్కడ ఆనాలి, చిటికెనవేలు ఈ మూలని తాకాలి, ముక్క ఇంత మాత్రమే కదలాలి అని రాసి ఉంటుంది. చదివి, ఆగి, తన చేతిని చూసుకుని, తన వేళ్ళ పొడుగుకి తగ్గట్టు అమర్చుకోవాలి. ఆలస్యమవుతుంది, నిజమే. కానీ అలా వచ్చిన విద్య తన సొంతం. చెప్పాల్సిన మాటలు కూడా తనే వెతుక్కుంటాడు. ఎక్కడ ఆగాలి, ఎంత నెమ్మదిగా చేయాలి అనే లయ తెలియడానికి తరవాత ఎప్పుడైనా వీడియో చూడొచ్చు, వద్దనను. మొదటి మెట్టు మాత్రం పుస్తకమే కావాలి.

రాబర్ట్ హౌడిన్ పేరు విన్నారా? ఫ్రాన్సులో పందొమ్మిదో శతాబ్దపు పెద్ద ఇంద్రజాలికుడు. తరవాత పేరుమోసిన ఇంద్రజాలికుడు హుడినీ తన పేరు పెట్టుకున్నది ఈయన పేరు చూసుకునే. ఈయన బ్లువా అనే ఊళ్ళో గడియారాల పని నేర్చుకునే కుర్రాడు. గడియారాల మీద పుస్తకం కావాలని పుస్తకాల షాపుకి వెళ్ళాడట. షాపతను పొరపాటున వేరే పొట్లం ఇచ్చాడు. ఇంటికి తెచ్చి విప్పితే అందులో చేతివాటాలు, పేక విద్యలు, శాస్త్ర వినోదాలు! తిరిగి ఇచ్చేయకుండా రాత్రంతా చదివానని తన జ్ఞాపకాల్లో ఆయనే రాసుకున్నాడు. గడియారాల పనితనం, ఆ పుస్తకం రెండూ కలిసి ఆయన్ని అంతవాణ్ణి చేశాయి. 1868లో తనే చేతివాటం రహస్యాల మీద పెద్ద పుస్తకం రాసి, తరవాతివాళ్ళ బాకీ తీర్చాడు.

సరే, మీవాడి సంగతికొస్తాను. వాడికి నేనిచ్చేది 'ద రాయల్ రోడ్ టు కార్డ్ మ్యాజిక్'. 1948 నాటిది. జీన్ హ్యూగార్డ్, ఫ్రెడరిక్ బ్రావే కలిసి రాశారు. హ్యూగార్డ్‌ది ఆస్ట్రేలియా. రంగస్థలం మీద ఏళ్ళ తరబడి ప్రదర్శనలిచ్చి, అమెరికాలో స్థిరపడి, పెద్ద వయసులో రచనకి కూర్చున్నాడు. చివరి రోజుల్లో చూపు పోయినా తన మాసపత్రికని మాత్రం ఆపలేదు. బ్రావే కాలిఫోర్నియాలో పత్రికా విలేకరి. ఒకరికి చేతుల్లో అనుభవం, ఇంకొకరికి సూటిగా రాసే అలవాటు. ఆ పుస్తకంలో ఒక్క వాక్యమైనా తడబడదు. నేను చూసిన ఏ బోధన పుస్తకంలోనూ, మ్యాజిక్కు కానివ్వండి, సంగీతం కానివ్వండి, అంత చక్కని వరుస లేదు.

వరుస అంటే చెబుతాను వినండి. మన పిల్లలకి సంగీతం మాస్టారు సరళి వరుసలు, జంట వరుసలు వచ్చాక గానీ గీతం ఎత్తుకోనివ్వరు కదా. ఇక్కడా అంతే. మొదటి అధ్యాయమంతా పేక కలపడం మీదే. అవును, మనం రోజూ చూసే మామూలు కలపడమే! కుడిచేత్తో కట్ట పట్టుకుని, ఎడమ బొటనవేలితో పైనుంచి గుప్పెలు గుప్పెలుగా లాగుతూ ఎడమచేతిలో వేసుకుంటాం చూడండి, అదే. ఈ కలపడంలోనే మొదటి రహస్యం ఉంది. పైముక్క ఒక్కదాన్నే ముందు ఎడమచేతిలోకి లాగి, మిగతా కట్టంతా దాని మీద వేసేశారనుకోండి, ఆ ముక్క అడుక్కి పోతుంది. మళ్ళీ కలపడం మొదలుపెట్టి, చివర ఆ ఒక్క ముక్క మిగిలేదాకా వేస్తూ పోతే అది తిరిగి పైకి వస్తుంది. చూసేవాళ్ళకి కట్ట రెండుసార్లు బాగా కలిసిపోయినట్టే ఉంటుంది. మీరు తీసి చూసుకున్న కళావరు రాణి మాత్రం పైనే ఉంటుంది.

ఇంతే కదా అనిపిస్తోందా? చేసి చూడండి. ఆ ఒక్క ముక్క లాగేటప్పుడు వేగం తగ్గకూడదు, కళ్ళు అటు పోకూడదు, మాట ఆగకూడదు. అది కుదరడానికే చాలా సాధన కావాలి. ఈ పుస్తకం గొప్పతనం ఏమిటంటే, ఆ ఒక్క కిటుకూ రాగానే దానితో మాత్రమే చేయగల విద్యలు వెంటనే ఇస్తుంది. రాబోయే అధ్యాయంలోది ఏదీ అడగదు. అందుచేత పిల్లవాడు మొదటి అధ్యాయం పూర్తయ్యేసరికే ఇంటికొచ్చిన చుట్టాల ముందు నిలబడి ఏదో ఒకటి చేయగలుగుతాడు. ఆ తరవాత రెండు సగాలూ బొటనవేళ్ళతో రెపరెపలాడిస్తూ కలపడం, ఆ తరవాత గుర్తుముక్క, అరచేతిలో ముక్క దాచడం, రెండు ముక్కలు ఒక్కటిగా ఎత్తడం, అలా ఒక్కో మెట్టు.

గుర్తుముక్క సంగతి మీకే నేర్పుతాను, రేపు మీ మనవరాలి ముందు చేయండి. కట్ట చేతిలో ఉండగా అడుగుముక్క ఏదో ఎవరూ గమనించకుండా చూసుకోండి. ఆఠీను ఏడు అనుకుందాం. పిల్లని ఒక ముక్క తీసి చూసుకుని కట్ట పైన పెట్టమనండి. తరవాత తననే కట్ట కోసి, అడుగు సగం పైన పెట్టమనండి. ఇప్పుడు ఆఠీను ఏడు సరిగ్గా తన ముక్క మీద కూర్చుంది. మరో రెండు మూడుసార్లు కోసినా ఆ జంట దాదాపు ఎప్పుడూ విడిపోదు. కట్ట తిరగేసి బొమ్మలు కనిపించేలా పరచుకుంటూ పోతే, ఏడు పక్కనే పిల్ల తీసిన ముక్క. అయితే టక్కున చెప్పేయకండి. తన మణికట్టు పట్టుకుని, నాడి చూస్తున్నట్టు వేలితో ముక్కల మీదుగా నెమ్మదిగా పోయి ఆగండి. రహస్యం చాలా చిన్నది, మిగతాదంతా మీరు ఎలా చేశారన్నదే. చదివినవాళ్ళకి హ్యూగార్డ్, బ్రావే అడుగడుగునా ఒంటబట్టించేది ఇదే. విద్యతో పాటు ఏం మాట్లాడాలో, ముక్క ఎప్పుడు చూపాలో కూడా రాస్తారు.

ఆ పుస్తకంలోనే ఇంకో విద్య ఉంది. ఎదుటివాళ్ళే కట్టని నాలుగు భాగాలుగా కోస్తారు, వాళ్ళే ముక్కలు అటూ ఇటూ పంచుతారు, మనం చేయి కూడా వేయం. చివరికి నాలుగు భాగాల మీదా నాలుగు ఆసులు! మొదట నేర్చుకున్నప్పుడు నాకే ఒళ్ళు జలదరించింది.

పేకకట్ట ఏది కొనాలో కూడా చెప్పాలి. వాడి దగ్గరున్న ప్లాస్టిక్ ముక్కలు మరీ జారుతున్నాయి, అందుకే అన్ని కింద పడుతున్నాయి. కాగితపు ముక్కలు కావాలి. అమెరికాలో 1885 నుంచి వస్తున్న బైసికిల్ రకం ఇప్పుడు మన దగ్గరా దొరుకుతోంది. వెడల్పు రెండున్నర అంగుళాలు. వీపు బొమ్మ చుట్టూ తెల్ల అంచు ఉంటుంది. కట్టలో ఒక ముక్క తిరగబడి ఉన్నా ఆ అంచు వల్ల వెంటనే కంటపడదు. అయితే చిన్న చేతులకి ఆ వెడల్పు ఎక్కువే. కాస్త సన్నపాటి కట్ట, రెండుంబావు అంగుళాలది దొరికితే వాడికి మొదట్లో హాయి.

జూదం నేర్పే పుస్తకాలేమోనన్న భయం మీకుంటే అది అడగాల్సిన మాటే, దాచుకోవద్దు. అటువంటి పుస్తకం ఒకటుంది, మ్యాజిక్ చేసేవాళ్ళందరూ నెత్తిన పెట్టుకునేది. 'ద ఎక్స్‌పర్ట్ ఎట్ ద కార్డ్ టేబుల్'. 1902లో షికాగోలో రచయిత సొంత ఖర్చుతో అచ్చయింది. సగం పేకాటలో మోసం ఎలా చేస్తారన్న వివరం, సగం మ్యాజిక్కు. పిల్లల్ని జూదం నుంచి కాపాడటానికే రాశానని ఆయన నటించలేదు. డబ్బు అవసరమై రాశానని ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. పేరు ఎస్.డబ్ల్యు. ఎర్డ్‌నేస్. ఆ ఇంగ్లీషు అక్షరాలు వెనకనుంచి చదివితే ఇ.ఎస్. ఆండ్రూస్ అని వస్తుంది. ఆయనెవరో ఇవాళ్టికీ తేలలేదు. లెక్కల వినోదాలు రాసిన మార్టిన్ గార్డ్‌నర్ 1946లో ఆ పుస్తకానికి బొమ్మలు గీసిన స్మిత్ అనే ముసలాయన్ని వెతికి పట్టుకున్నాడు. చలికాలంలో, ఒక హోటలు గదిలో, పొట్టిగా, మెత్తటి చేతులున్న ఒకాయన్ని చూస్తూ బొమ్మలు వేశానని మాత్రం స్మిత్‌కి గుర్తుంది. ఆండ్రూస్ అన్న పేరున్నవాళ్ళనీ, ఒక గనుల ఇంజనీరునీ, ఇంకెందర్నో అనుమానించారు. ఏదీ రుజువు కాలేదు.

పేరు తెలియని మనిషి రాసిన ఆ పుస్తకం నూట ఇరవై ఏళ్ళు దాటినా అచ్చులో ఆగలేదు. ఎందుకంటే అంత కచ్చితంగా వేళ్ళ కదలిక రాసినవాళ్ళు అంతకుముందు లేరు. నిండా వందకి పైగా బొమ్మలు. భాష మాత్రం గట్టిది, ఒక్కో పేరా విప్పుకోవడానికి ఓ సాయంత్రం పట్టొచ్చు. మొదటే దాన్ని ఇస్తే పిల్లవాడు కట్ట పక్కన పడేస్తాడు. రాయల్ రోడ్ పూర్తయ్యాక ఇవ్వాలి. ఇక జూదం మాట. ఆ పుస్తకంలో అడుగుముక్క పంచే పద్ధతి చదివినవాడికి, తెలియనివాళ్ళతో డబ్బు పెట్టి పేకాడటం ఎంత తెలివితక్కువ పనో అర్థమైపోతుంది. మీవాడిని పేకాటకి దూరంగా ఉంచాలంటే ఇంతకన్నా మంచి మందు నాకు తెలియదు.

ఆ పుస్తకాన్ని చిన్నతనంలోనే కంఠతా పట్టినవాడు ఒకడున్నాడు. 1894లో కెనడాలోని ఒట్టావాలో పుట్టిన డై వెర్నన్. ఏ విద్య అయినా మూడుసార్లు చూస్తే పట్టేస్తానని హుడినీ అనేవాడు. 1922లో షికాగోలో వెర్నన్ అతని చేతే ఒక ముక్క తీయించి, పేరు రాయించి, కట్టలో పైనుంచి రెండోదిగా పెట్టాడు. ముక్క పైకి వచ్చేసింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ వచ్చింది. మూడు దాటినా, ఎన్నిసార్లు చూపించినా హుడినీ పట్టుకోలేకపోయాడు. అంతటివాడు కూడా పుస్తకంతో ఆగలేదు. కట్ట మధ్యలోంచి ముక్క పంచగలిగే జూదరి ఒకడున్నాడని 1932లో విచిటా జైల్లో ఉన్న ఒక ఖైదీ చెబితే, ఆ మాట పట్టుకుని తిరిగి తిరిగి మిజూరీలోని ప్లెజెంట్ హిల్ అనే చిన్న ఊళ్ళో అలెన్ కెనెడీ అనే ఆయన్ని కలిశాడు. అప్పటిదాకా ఏ పుస్తకంలోనూ చూడని విద్యని కళ్ళారా చూశాడు. పుస్తకం బాగా చదివినవాడికే అందులో ఏది లేదో తెలుస్తుంది. వెర్నన్ 1992 దాకా, తొంభై ఎనిమిదేళ్ళు బతికి, కుర్రాళ్ళందరికీ ఎర్డ్‌నేస్ చదవండి అని చెబుతూనే ఉన్నాడు.

చదువు పాడవుతుందంటారా? ఆ వెర్నన్ వెంటే పద్నాలుగేళ్ళ వయసులో ఇల్లు వదిలి వెళ్ళిపోయిన కుర్రాడొకడున్నాడు, పెర్సీ డయాకోనిస్. మీవాణ్ణి అలా వెళ్ళమని నేను చెప్పను, కంగారు పడకండి. ఆ కుర్రాడు ఒకరోజు సంభావ్యత మీద ఫెల్లర్ రాసిన పుస్తకం కొన్నాడు. చదవబోతే అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలంటే కలనగణితం రావాలి. దానికోసం న్యూయార్కులో రాత్రి కాలేజీలో చేరాడు. అక్కణ్ణుంచి హార్వర్డు, ఆ తరవాత స్టాన్‌ఫర్డ్‌లో గణిత ఆచార్యుడు. 1992లో డేవ్ బేయర్ అనే గణితవేత్తతో కలిసి, యాభై రెండు ముక్కల కట్టని రెండు సగాలుగా చేసి రెపరెపలాడిస్తూ కలిపితే, అది సరిగ్గా కలవడానికి ఏడుసార్లు కావాలని లెక్క కట్టి చూపించాడు. పేకముక్కలే ఆయన్ని లెక్కల దగ్గరకి తీసుకెళ్ళాయి.

మీ అత్తగారు గారడీ విద్యలు ఇంట్లో మంచివి కావన్నారని మొన్న చెప్పారు. ఆవిడకి ఈ సంగతి చెప్పండి. చేతివాటాల గుట్టు విప్పి చెప్పిన తొలి ఇంగ్లీషు పుస్తకాల్లో ముఖ్యమైనది 1584 నాటి 'ద డిస్కవరీ ఆఫ్ విచ్‌క్రాఫ్ట్'. రాసినాయన కెంట్ ప్రాంతపు రెజినల్డ్ స్కాట్. మంత్రగత్తెలని ముద్రవేసి పేద ముసలమ్మలని ఉరితీస్తున్న రోజులవి. వీటిలో మంత్రం లేదు, దయ్యం లేదు, ఇవన్నీ చేతి నేర్పుతో చేసేవే అని చూపించడానికి ఆయన బంతులు, బిళ్ళలు, పేకముక్కలు, తల నరికినట్టు చూపే విద్య, అన్నీ విడమరిచి రాశాడు. మనుషుల ప్రాణాలు కాపాడటానికి రాసిన మ్యాజిక్ పుస్తకం అది! చేతబడి, బాణామతి అని మన పల్లెల్లో ఇప్పటికీ మనుషుల్ని కొట్టి చంపుతున్నారు. జన విజ్ఞాన వేదిక వాళ్ళు ఊరూరా తిరిగి, బాబాలు చేసే మహిమలని తామే చేసి చూపించేది ఇందుకే. ఈ విద్య తెలిసిన పిల్లవాణ్ణి రేపు ఏ దొంగ స్వామీ మోసం చేయలేడు.

నాణేల మీద మనసుంటే జె.బి. బోబో రాసిన 'మోడర్న్ కాయిన్ మ్యాజిక్' ఒక్కటి చాలు, 1952 నాటిది. అందులో వాడేది అమెరికా అర డాలరు, వెడల్పు ముప్ఫై మిల్లీమీటర్లు దాటుతుంది. మన పది రూపాయల బిళ్ళ ఇరవై ఏడు. చిన్న అరచేతిలో దాచడానికి మనదే నయం.

ఆపైన ఇంకా కావాలంటే స్విట్జర్లాండు ఆయన రాబర్టో జోబీ రాసిన 'కార్డ్ కాలేజ్' ఉంది. అయిదు సంపుటాలు, మొదట జర్మన్‌లో వచ్చింది. ఏ వేలు ఎక్కడ అన్నదే కాకుండా ఎందుకు అక్కడ అన్నది కూడా చెబుతుంది. వివరంలో దాన్ని మించినది లేదు, ఖరీదూ ఎక్కువే. మొదటి పుస్తకంగా మాత్రం నేను ఇవ్వను. అంత వివరం చూస్తే పిల్లలకి ఎప్పటికీ పూర్తికాదన్న దిగులు పుడుతుంది.

వాడి వేళ్ళు చిన్నవి, ఏమొస్తుందిలే అన్నారు కదా ఇందాక. అర్జెంటీనాలో రెనే లావాండ్ అని ఉండేవాడు. తొమ్మిదేళ్ళప్పుడు ప్రమాదంలో కుడిచేయి పోయింది. ఉన్న పుస్తకాలన్నీ రెండు చేతులవాళ్ళ కోసం రాసినవే. ఒక్క ఎడమచేత్తో ఏం చేయొచ్చో తనే కనిపెట్టుకుంటూ, ప్రపంచంలో మేటి పేక ఇంద్రజాలికుల్లో ఒకడయ్యాడు. అదీ హడావిడి లేకుండా, చాలా నెమ్మదిగా చేసేవాడు. 2015లో పోయాడు. మీవాడికి రెండు చేతులూ, పది వేళ్ళూ ఉన్నాయి.

నాకున్న బాధల్లా ఒకటే. ఇవన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. మన తెలుగువాళ్ళకి మ్యాజిక్ అనగానే బి.వి. పట్టాభిరాం గారు గుర్తొస్తారు. ఇంద్రజాలం చేస్తూనే మనస్తత్వ శాస్త్రంలోకి వెళ్ళి, తెలుగులో ఎన్నో పుస్తకాలు రాసి, 2025లో వెళ్ళిపోయారు. ఆయన వల్ల ఈ విద్య మన ఇళ్ళలో గౌరవంగా వినిపించింది. ఇప్పుడు చేసేవాళ్ళలో ఎవరైనా పూనుకుని, ఎడమ బొటనవేలి కొస దగ్గర మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా, బొమ్మలతో, తేట తెలుగులో పేక విద్య రాస్తే ఎంత బాగుండును! ఇస్పేటు, కళావరు, డైమను, ఆఠీను, కలపడం, కోయడం, పంచడం, మాటలన్నీ మన దగ్గర ఉన్నవే. రాయాలి, అంతే.

అప్పటిదాకా వాడికి ఇంగ్లీషు అడ్డొచ్చిన చోట నేను కూర్చుని చెబుతాను. పరీక్షలయ్యాక వాణ్ణి పంపండి, రాయల్ రోడ్ ఇచ్చి పంపుతాను. మొదటి అధ్యాయం పూర్తయ్యేదాకా రెండోది తిరగేయకూడదని మీరు కూడా చెప్పండి. కాగితపు పేకకట్ట మాత్రం కొత్తది కొనివ్వండి వదినగారూ.